ఆషాఢంలో ఆకుపచ్చ

డాక్టర్ సామ్రాజ్యానికి కోపం ముక్కుమీదే ఉంటుందని ఆ ఆసుపత్రిలో ఊడ్చేవాళ్ల దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ తెలుసు. దూది లేదంటే కోపం, ఉన్న దూదిని లేదంటే ఇంకా కోపం. పిల్లల వార్డు వైపు ఆవిడ చెప్పుల చప్పుడు వినబడితే చాలు, నర్సులు ఫోన్లు దాచేసుకునేవారు. అయితే ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆవిడకు వచ్చిన కోపాలన్నీ కలిపినా ఆ భాద్రపదంలో వచ్చిన కోపం కాలిగోటికి సరిపోవు.

వినాయక చవితి అయిపోయింది. కొండ దిగువన ఉన్న రామన్నవలస నుంచి పైడితల్లి అనే ఆవిడ ఎనిమిదేళ్ల కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల పేరు యామిని. అంత పిల్లను భుజాన ఎందుకు మోస్తోందా అని విసుక్కోబోయిన సామ్రాజ్యం, పిల్లను బల్లమీద పడుకోబెట్టగానే నోరు మూసుకుంది. పెదవుల్లో నెత్తురు లేదు. మెడకు రెండువైపులా బిళ్లలు కట్టాయి. కాళ్లమీద ఎక్కడా దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు. పొట్ట తడిమితే పక్కటెముకల కింద గట్టిగా తగిలింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"ఆషాడంలో మొదలైందమ్మా. జొరం వస్తాది, పోతాది. బడికెల్లనంటాది. ఆడుకోడానికీ ఎల్లనంటే అప్పుడు బయమేసింది."

"ఆషాఢం నుంచీనా? ఇన్నాళ్లూ పిల్లను ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తున్నావమ్మా?" అని సామ్రాజ్యం గయ్యిమంది.

పైడితల్లి బెదరలేదు. ఎండలో నడిచి వచ్చిన మనిషి, కొంగుతో మొహం తుడుచుకుని డాక్టరమ్మ కళ్లలోకి చూసింది. "ఊరికే కూకోనేదమ్మా. ఆశా కళావతి సేత దీపం పెట్టించినాను. ఆకుపచ్చ వొచ్చింది. శ్రావణంలో మల్లీ పెట్టించినాను. మల్లీ ఆకుపచ్చే. ఆకుపచ్చ వొస్తే బయం నేదని మా ఊరొచ్చి మైకులో సెప్పింది మీరే కదేటి?"

సామ్రాజ్యానికి ఆ మైకు గుర్తొచ్చింది. నిజమే, చెప్పింది తనే.

ఆ దీపం పేరు గోటిదీపం. విశాఖలోని ఒక ప్రయోగశాలలో నరహరి అనే శాస్త్రవేత్త తయారుచేశాడు. అరచేతిలో పట్టే పెట్టె, దానికో సందు. ఆ సందులో పిల్లల వేలు పెడితే గోరు మొదట్లో ఉండే పల్చటి చర్మం మీద నీలి వెలుతురు పడుతుంది. ఆ చర్మం కింద వెంట్రుక కన్నా సన్నటి నెత్తురు దారులుంటాయి. ఎర్రకణాలు నీలి వెలుతురును మింగేస్తాయి, తెల్లకణాలు మింగవు. అంచేత తెల్లకణం వెళ్లినప్పుడల్లా ఆ దారిలో ఒక చిన్న ఖాళీ కదులుతున్నట్టు కనబడుతుంది. ఆ ఖాళీలు ఎన్ని, వాటి వాలకం ఏమిటి అని దీపం చూస్తుంది. బ్లడ్ క్యాన్సర్ మొదలైన పిల్లల్లో ఆ వాలకం మారిపోతుంది. అప్పుడు పెట్టెమీద ఎర్రలైటు వెలుగుతుంది, లేకపోతే ఆకుపచ్చ. సూది లేదు, నెత్తురు తియ్యక్కర్లేదు, పిల్లలు ఏడవరు.

ఈ వస్తువు కోసం సామ్రాజ్యం ఎదురుచూసినట్టు ఇంకెవరూ చూసి ఉండరు. అంతకు ముందు కొండ ఊళ్ల పిల్లలు ఆవిడ దగ్గరికి చివరి దశలోనే వచ్చేవారు. పాలిపోయిన పిల్లకు రక్తం తక్కువని ఒకరు టానిక్ ఇచ్చేవారు, జ్వరానికి ఇంకొకరు ఇంజక్షన్ చేసేవారు, పొట్టలో బల్ల పెరిగిందని మరొకరు వాత పెట్టేవారు. అన్నీ అయ్యాక ఇక్కడికి వచ్చేవారు. ముందే వస్తే ఎక్కువమంది బతికే జబ్బు అది. బతకాల్సిన పిల్లలను చేతుల్లో పెట్టుకుని పోగొట్టుకోవడం ఆవిడకు ఏనాడూ అలవాటు కాలేదు. ఆవిడ కోపానికి సగం కారణం అదే.

దీపం వచ్చిన మాఘమాసంలోనే గౌరీశు అనే కుర్రాడికి ఎర్రలైటు వెలిగింది. వాడి తల్లిదండ్రులకు వాడిలో తేడా కూడా కనబడలేదు, కాస్త నీరసం అనుకున్నారంతే. మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు వాడు వార్డు వరండాలో బంతి విసిరి అద్దాలు పగలగొట్టి ఆవిడ చేత తిట్లు తింటున్నాడు. ఆ గౌరీశును చూసే సామ్రాజ్యం ఊరూరా తిరిగింది. మైకు పట్టుకుని, దీపం పెట్టించండి, ఎర్ర వస్తే పరుగెత్తుకు రండి, ఆకుపచ్చ వస్తే గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోండి అని చెప్పింది.

యామిని నెత్తురు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. చూడ్డానికి పెద్ద చదువు అక్కర్లేదు. అద్దం నిండా చెడ్డకణాలే.

సామ్రాజ్యం మొదట ఆశా కార్యకర్త కళావతి మీద పడింది. దీపం సరిగ్గా పెట్టలేదని, పెట్టకుండానే పెట్టానని చెప్పిందని అనుకుంది. ఫోన్ చేసి, ఉన్నపళంగా దీపం పట్టుకుని రమ్మని అరిచింది. కళావతి ఏడుపు మొహంతో బస్సు దిగింది. వస్తూనే, "నాను సరిగ్గానే పెట్టినానమ్మా. ఇద్దరు సాచ్చికం ఉన్నారు" అంది.

"నా ఎదురుగా పెట్టు."

కళావతి యామిని మంచం పక్కన కూర్చుని వేలు తుడిచింది. సందులో పెట్టి, కదపొద్దని చెప్పి, నేర్పినదంతా నేర్పినట్టే చేసింది. సామ్రాజ్యం తప్పు పట్టడానికి చోటు వెతికింది, దొరకలేదు.

ఆకుపచ్చ వెలిగింది.

పక్క గదిలో మైక్రోస్కోప్ కింద చెడ్డకణాలు అలాగే ఉన్నాయి. ఇక్కడ ఆ పిల్ల వేలిమీద ఆకుపచ్చ లైటు చల్లగా వెలుగుతోంది. సామ్రాజ్యం ఆ వేలు చేతిలోకి తీసుకుంది. తెల్లగా పాలిపోయిన చేతికి వేళ్ల చివర్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఒక్కో వేలికి ఒక్కో టోపీ, అరచేతి మధ్య చందమామ. గోరు మొదటిదాకా, చర్మం అంచుదాకా ఎరుపే.

"గోరింటాకు ఎవరు పెట్టారే?"

"మా అమ్మమ్మ" అంది యామిని. గొంతు లేకపోయినా మొహం వెలిగింది. "ఆషాడంలో పెట్టింది. శ్రావణంలో నోముకి మల్లీ పెట్టింది. మా ఈదిలో అందరికన్నా నాదే బాగా పండింది. రాత్రంతా కడుక్కోనేదు."

సామ్రాజ్యం ఆ చేతిని వదల్లేకపోయింది. కాళ్ల గోళ్లు చూసింది, వాటికీ గోరింటాకే. పక్కన నిలబడ్డ నర్సు చేతులు చూసింది. కళావతి చేతులు చూసింది. అందరివీ పండిన చేతులే. ఆషాఢంలో ఈ నేలమీద గోరింటాకు పెట్టుకోని ఆడపిల్ల ఎక్కడుంటుంది? వార్డులో జబ్బు ఉందని ముందే తెలిసిన ఒక మగపిల్లాడి వేలికి అదే దీపం పెట్టించింది. ఎర్రలైటు ఠక్కున వెలిగింది. ఆషాఢం తర్వాత తన దగ్గరికి ఎర్రలైటుతో వచ్చినవాళ్లంతా మగపిల్లలే అన్న సంగతి ఆవిడకు అప్పుడు తట్టింది. తట్టగానే ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఉదయాన్నే దీపం సంచిలో వేసుకుని విశాఖ బస్సెక్కింది.

నరహరి మెత్తటి మనిషి. ఆవిడ చెప్పిందంతా విని, దీపంలో నిలవ ఉన్న బొమ్మలను తెరమీద పెట్టి చూశాడు. యామిని వేలి బొమ్మ నల్లగా ఉంది. నెత్తురు దారి లేదు, కణాలు లేవు, ఏమీ లేదు.

"గోరింటాకు రంగు నీలి వెలుతురునే తాగేస్తుంది మేడమ్" అన్నాడు నెమ్మదిగా. "లోపలికి వెలుతురు పోలేదు. మేం పరీక్షలన్నీ దీపం ఊళ్లకు పంపడానికి ఏడాది ముందు పుష్యమాఘాల్లో చేశాం. అప్పటికి గోళ్లు పెరిగి రంగు పోయి ఉంటుంది. మాకు తట్టలేదు."

"తట్టకపోవడం నాకూ అర్థమవుతుంది. నాకూ తట్టలేదు, నేనూ ఆడదాన్నే. అది కాదు నేనడిగేది. దీపానికి ఏమీ కనబడలేదు కదా? కనబడనప్పుడు ఆకుపచ్చ ఎందుకు వెలిగింది?"

నరహరి తెరమీద బొమ్మ ఆర్పేశాడు.

"చెప్పండి నరహరి గారూ."

"మొదట మూడు లైట్లుండేవి మేడమ్. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. పసుపంటే నాకు తెలియదు, నెత్తురు తీసి చూడండి అని. సమీక్షలో పసుపు తీసెయ్యమన్నారు. పసుపు వచ్చినవాళ్లందరూ ఆసుపత్రికి వస్తే పరీక్షలు చెయ్యడానికి మనుషుల్లేరన్నారు. తెలియదనే యంత్రాన్ని జనం నమ్మరన్నారు. ఒప్పుకోకపోతే అసలు దీపాన్నే ఊళ్లకు పంపేది లేదన్నారు. చెడ్డకణం కనబడకపోతే ఆకుపచ్చ వెయ్యమన్నారు."

"కనబడకపోవడం, లేకపోవడం ఒకటేనా?"

"కాదు. నేనూ అదే అన్నాను. తర్వాత ఒప్పుకున్నాను."

"ఎవరు తీసెయ్యమన్నది?"

"ఆరోగ్యశాఖ అధికారి. ఇవాళ ఇక్కడే ఉన్నారు. పైన సమీక్ష జరుగుతోంది."

సామ్రాజ్యం లేచింది. మెట్ల దగ్గర క్యాంటీన్ ఉంది. మధ్యాహ్నం వంటకు ఒకామె పళ్లెం ముందు పెట్టుకుని కూరలు తరుగుతోంది. సామ్రాజ్యం ఒక్క క్షణం ఆగి, వంగి, పళ్లెంలోంచి ఒక లేత బెండకాయ తీసుకుంది. ఆమె వింతగా చూసింది. సామ్రాజ్యం ఏమీ చెప్పకుండా పైకెక్కింది. వెనకాలే నరహరి.

గదిలో తెరమీద రంగురంగుల పటాలు నడుస్తున్నాయి. జిల్లా మొత్తం ఆకుపచ్చగా ఉంది, అధికారి మొహం తృప్తిగా ఉంది. తలుపు తోసుకుని వచ్చిన ఆవిడను చూసి, "ఎవరండీ మీరు?" అన్నాడు.

"మీ దీపాలు పెట్టించే జిల్లా నుంచి వచ్చాను. పిల్లల డాక్టర్ని. ఒక కేసు చూపించి వెళ్లిపోతాను." దీపం బల్లమీద పెట్టి, సందులో బెండకాయ దూర్చింది. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆకుపచ్చ వెలిగింది.

"బెండకాయకి క్యాన్సర్ లేదటండీ. చాలా సంతోషం" అంది సామ్రాజ్యం. "మా వార్డులో ఒక ఎనిమిదేళ్ల పిల్లకు కూడా లేదని చెప్పింది ఇది. మూడుసార్లు చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు ముక్కులోంచి నెత్తురు కారుతుంటే మంచంమీద పడుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నరహరి గోరింటాకు సంగతి చెప్పాడు. అధికారి విన్నాడు, నీళ్లు తాగాడు, గొంతు సవరించుకున్నాడు. "అయితే సులువే కదా. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవద్దని ప్రచారం చేద్దాం."

"ముందు ఈ గదిలో చెయ్యండి" అంది సామ్రాజ్యం. అప్పుడే టీ కప్పులు అందిస్తున్న అమ్మాయి చేతులు ఎర్రగా పండి ఉన్నాయి. అధికారి వాటిని చూసి చూపు తిప్పుకున్నాడు. "గోరింటాకు ఈ దేశంలోకి నిన్న వచ్చిందా? అమ్మమ్మలు పెట్టిన చేతులను తప్పంటారేం? తెలియనప్పుడు తెలియదని చెప్పే నోరు దీనికి మీరే కుట్టేశారు. ఆ కుట్లు విప్పండి."

"మేడమ్, ఆవేశపడకండి. పసుపు పెడితే మీ ఆసుపత్రే తట్టుకోలేదు. మీకున్నది ఒక్క టెక్నీషియన్. మీ మేలుకోసమే తీశాం."

"నా మేలా? అయితే ఇంకో టెక్నీషియన్ని ఇవ్వాలి గానీ, పిల్లలకు జబ్బు లేదని చెప్పమంటారా? పరీక్ష చేసే మనిషి లేడని జబ్బు ఆగుతుందా? మంచాలు ఖాళీ లేకపోతే జ్వరం రాదా?"

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంత గొడవగా ఉంటే దీపాలన్నీ వెనక్కి తెప్పించేస్తాం. పాతపద్ధతిలోనే చూసుకోండి."

సామ్రాజ్యానికి కళ్లముందు గౌరీశు మెదిలాడు. ఈ దీపాన్ని తిట్టడానికి వచ్చిన మనిషి ఇప్పుడు దీన్నే కాపాడాల్సి వచ్చింది. ఆ తిక్కకు ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "దీపం తియ్యమనలేదు. దీపం వల్ల బతికిన పిల్లాడు నా వరండాలో ఉన్నాడు. దీపం చేత అబద్ధం చెప్పించొద్దంటున్నాను."

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ నరహరి ముందుకొచ్చాడు. "పసుపు లైటు లోపల ఇంకా ఉంది. నేను తీసింది దాన్ని వెలిగించే ఆదేశాన్నే గానీ లైటును కాదు. ఇవాళే ఇక్కణ్నుంచే అన్నిటికీ వెనక్కి పెట్టడం మొదలుపెడతాను. ఆపాలనుకుంటే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి."

అధికారి పెద్దగా గొడవ పడలేదు. బెండకాయ ఇంకా దీపంలోనే ఉంది, దాని పక్కన కూర్చుని వాదించడం ఎవరికైనా కష్టమే. "సరే, పసుపు పెట్టుకోండి. కానీ ఇప్పటిదాకా ఆకుపచ్చ వచ్చినవాళ్ల సంగతి ఎవరూ ఎత్తొద్దు. ఊళ్లలో గగ్గోలు పుడుతుంది."

"ఆషాఢం నుంచి ఆకుపచ్చ వచ్చిన ఆడపిల్లలందర్నీ వెనక్కి పిలవాలి. వాళ్ల గోళ్లమీద రంగు ఇంకా పోలేదు, దీపం పనికిరాదు. ఒక్కొక్కరికీ నెత్తురు తియ్యాలి. ఉత్తర్వు ఇవ్వండి."

"ఇవ్వలేను."

"ఇవ్వకండి" అని సామ్రాజ్యం దీపం తీసుకుని సంచిలో వేసుకుంది.

యామినికి మందులు మొదలుపెట్టారు. మందులు చేసే మేలు కనబడేలోపే అవి చేసే కీడు కనబడుతుంది. ఒంట్లో కాస్త బలముంటే ఆ కీడును దాటెయ్యవచ్చు. ఆషాఢంలో ఉన్న బలం భాద్రపదానికి లేదు. నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు విశాఖ నుంచి రావాలి. వచ్చే బండి ఘాట్ రోడ్డులో కొండరాళ్లు పడి ఆగిపోయింది. బండికోసం సామ్రాజ్యం ఎక్కని గడప లేదు, తిట్టని మనిషి లేడు. బండి చేరిన మధ్యాహ్నానికి తల్లి ఒళ్లో యామిని కళ్లు మూసింది.

అదే పూట నరహరి ఫోన్ చేశాడు. పసుపు లైటు అన్ని దీపాల్లోనూ పనిచేస్తోందని చెప్పాడు. "మంచిది" అని సామ్రాజ్యం పెట్టేసింది.

పిల్లను తీసుకెళ్లడానికి ఆటో వచ్చేలోగా వరండాలో పైడితల్లి పక్కన కూర్చుంది. జరిగిందంతా చెప్పింది. గోరింటాకు సంగతి చెప్పింది, నల్లటి బొమ్మ సంగతి చెప్పింది, పసుపు లైటు తీసేసిన సంగతి చెప్పింది. పైడితల్లికి ఏ డాక్టరూ చెప్పని నిజం తను చెప్పాలనుకుంది. నిజం వల్ల ఆవిడకు ఒరిగేదేమీ లేదని తెలిసి కూడా చెప్పింది.

పైడితల్లి చివరిదాకా వింది. తర్వాత ఒక్కసారిగా తిరగబడింది. "తెలీదు అని ఒక్క ముక్క అనుంటే నాను ఆ పొద్దే బస్సెక్కేసుందును కదమ్మా! నాకు బయంగానే ఉండీది. ఆకుపచ్చ సూసి నా బయాన్ని నానే తిట్టుకున్నాను. మీ మాట నమ్మి నా పిల్లని నానే ఇంట్లో కూకోబెట్టినాను!"

ఇన్నేళ్లూ అందరిమీదా చూపించిన కోపం ఇప్పుడు సామ్రాజ్యం మీదికే తిరిగింది. దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. "తప్పు నాదీ ఉంది" అంది. "నన్ను తిట్టు."

"తిడితే వస్తాదేటి?" పైడితల్లి కళ్లు తుడుచుకుంది. ఆటో చప్పుడు వినబడింది. లేవబోతూ ఆగింది. "అమ్మా, మా ఈదిలో ఆడగుంటలందరివీ పండిన సేతులే. అందరికీ ఆకుపచ్చే. ఆల్లకెవరు సెప్తారు?"

దినకర్మలు ఇంకా అవ్వకుండానే సామ్రాజ్యం సెలవు పెట్టింది. ఆసుపత్రిలో ఉన్న ఒక్క టెక్నీషియన్ని బతిమాలి వెంటబెట్టుకుని, గాజుగొట్టాలు, సూదులు సొంత కారులో వేసుకుని కళావతితో కలిసి రామన్నవలస వెళ్లింది. బడి అరుగుమీద బల్ల వేశారు. కళావతి ఇంటింటికీ వెళ్లి పిలిచింది. ఆడవాళ్లు వచ్చారు గానీ పిల్లలను వెంట తేలేదు.

"సూదులెందుకమ్మా? మా గుంటకి ఆకుపచ్చొచ్చింది" అంది ఒకామె.

"మా ఇద్దరు గుంటలకీ ఆకుపచ్చే. బయం నేదని మీరే సెప్పినారు కదా" అంది ఇంకొకామె.

"నేను తప్పు చెప్పాను" అంది సామ్రాజ్యం. మైకు లేకుండా, గొంతు పెంచకుండా చెప్పింది. "గోరింటాకు ఉంటే దీపానికి కనబడదు. అందరికీ నెత్తురు తీసి చూడాలి."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు నిజం చెప్పిందో ఇప్పుడు చెబుతోందో ఎలా తెలుస్తుందని వెనకనుంచి ఎవరో గొణిగారు. ఒకరిద్దరు వెనక్కి మళ్లారు.

అప్పుడు వీధి చివరి ఇంట్లోంచి పైడితల్లి వచ్చింది. ఇల్లు దాటి బయటికి రావాల్సిన రోజులు కావవి, ఊరంతా నోరెళ్లబెట్టి చూసింది. ఆమె ఎవరివైపూ చూడలేదు. బడి అరుగు దగ్గర బల్ల పక్కన నిలబడి, వెళ్లిపోతున్నవాళ్లకు వినబడేలా అంది.

"మా యామినికీ ఆకుపచ్చే వొచ్చింది."

వెళ్లేవాళ్లు ఆగిపోయారు. కాసేపటికి మొదటి ఇంట్లోంచి ఒక తల్లి తన కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఆ పిల్ల సూదిని చూసి గోల పెట్టింది. పైడితల్లి కూర్చుని ఆ పండిన చేతిని తన ఒళ్లో పెట్టుకుని, కదలకుండా గట్టిగా పట్టుకుంది.